బుజ్జిని కూడా తీసుకెళ్తాడా?

గరివిడిలో అక్కగారింటికి వెళ్ళానంటే చాలు, మేనల్లుడు నన్ను ఫోను ముందు కూర్చోబెడతాడు. ఎప్పుడూ ఒకటే బొమ్మ: 'బుజ్జి అండ్ భైరవ'! నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ'కి ముందుకథగా 2024 మే 31న ప్రైమ్ వీడియోలో వచ్చిన యానిమేషన్ సీరియల్. ఉన్నవి రెండే భాగాలు. భైరవకు ప్రభాస్, బుజ్జికి కీర్తి సురేష్ గాత్రదానం చేశారు.

1979లో మొదలైన జపాన్ 'గండమ్' వంటి మహా సీరియళ్ళ ముందు ఇది పిట్టకథే. అయితేనేం! అక్కడ యంత్రంలో మనిషి కూర్చుంటాడు, ఇక్కడ యంత్రమే వాదులాడుతుంది.

అసలు ఆకర్షణ యంత్రాల్లో లేదని నా అభిప్రాయం. బుజ్జికి మెదడుంది, ఒళ్ళు కావాలి. భైరవకు ఒళ్ళుంది, యూనిట్లు కావాలి. అవి కూడబెట్టి, కాశీ వదిలి కాంప్లెక్స్‌లో పడాలని వాడి తాపత్రయం. ఫెర్రో ఎల్లాయ్స్ ఊళ్ళో పుట్టిన పిల్లలకు ఈ కథ ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. మా బావ పని వెతుక్కుని విశాఖ వెళ్ళి రెండేళ్ళయింది.

"మావయ్యా, యూనిట్లు పోగైతే బుజ్జిని కూడా తీసుకెళ్తాడేటి, ఇక్కడే వదిలీస్తాడేటి?" అన్నాడు మొన్న.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"తీసుకెళ్తాడ్రా" అన్నాను.

వాడు మళ్ళీ మొదటి భాగం పెట్టాడు.