వంతెనపై ఏ ఇంజిను వెళ్లవచ్చు? నమూనా రైలు మార్గాలకూ వర్తించే అసలు లెక్క

బల్ల మీద నిర్మించుకొనే నమూనా రైలు మార్గంలో వంతెన కూలడం దాదాపు అసాధ్యం. ఎంత పెద్ద ఇంజిను బొమ్మనైనా సన్నని ప్లాస్టిక్ దూలాలు సునాయాసంగా మోస్తాయి. నిజమైన రైల్వేలో పరిస్థితి వేరు. ఏ తరగతి ఇంజిను, ఎంత వేగంతో, ఒంటరిగానా జంటగానా వెళ్లాలన్న హద్దు అక్కడ ప్రతి వంతెనకూ ఉంటుంది. నమూనాను వాస్తవానికి దగ్గరగా నడపాలనుకొనే అభిరుచిపరులు ఆ హద్దును తామే నిర్ణయించుకోవాలి. ఇంజిను మొత్తం బరువు ఒక్కటే చూస్తే ఆ లెక్క తేలదు. ఆ బరువు ఎన్ని ఇరుసుల మీద, ఎంత పొడవున పరచుకొన్నదో చూడాలి.

బొమ్మ వంతెన ఎందుకు కూలదు?

ప్రపంచవ్యాప్తంగా ఎక్కువ ప్రచారంలో ఉన్న హెచ్ఓ కొలమానంలో నమూనా అసలు వస్తువులో 87వ వంతు ఉంటుంది. పొడవు 87 రెట్లు తగ్గితే, దూలం అడ్డుకోత వైశాల్యం 87ను 87తో గుణించినన్ని రెట్లు, అంటే 7,569 రెట్లు తగ్గుతుంది. బరువు మాత్రం దాదాపు 6,58,500 రెట్లు తగ్గుతుంది. బలం కంటే భారం మరో 87 రెట్లు ఎక్కువగా తగ్గడం వల్ల నమూనా వంతెనకు ఒత్తిడి తెలియదు. 112.8 టన్నుల డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజిను ఈ లెక్కన సుమారు 171 గ్రాములే తూగుతుంది. పట్టు కోసం తయారీదారులు లోపల అదనపు లోహం పెట్టినా వంతెనకు ప్రమాదం లేదు. కాబట్టి నమూనాలో బరువు పరిమితి అనేది అసలు రైల్వే నుంచి తెచ్చుకోవలసిన నియమమే.

మొదటి కొలత: ఇరుసు భారం

పట్టాలకూ, పొట్టి వంతెనలకూ ముఖ్యమైనది ఇరుసు భారం. ఒక జత చక్రాలు పట్టాలపై మోపే బరువు అది. చిన్న కాలువ మీది నాలుగైదు మీటర్ల వంతెనపై ఒకేసారి రెండు మూడు ఇరుసులకు మించి నిలవవు. ఇంజిను మొత్తం బరువు ఎంతైనా ఆ వంతెన ఎదుర్కొనేది ఆ కొద్ది ఇరుసులనే.

భారతీయ రైల్వేలోని డబ్ల్యూఏజీ-9 విద్యుత్ ఇంజిను 123 టన్నుల బరువును ఆరు ఇరుసులపై మోస్తుంది. ఒక్కో ఇరుసుకు 20.5 టన్నులు పడతాయి. డబ్ల్యూఏజీ-12 బరువు 180 టన్నులు. అయినా రెండు భాగాలుగా, ఎనిమిది ఇరుసులతో నిర్మించినందువల్ల ఒక్కో ఇరుసుకు 22.5 టన్నులే పడతాయి. అదే బరువును ఆరు ఇరుసులపై ఉంచితే ఒక్కోదానిపై 30 టన్నులు పడేవి. ఆవిరి యుగంలోనూ ఇదే సూత్రం పాటించారు. బ్రాడ్‌గేజి ప్రధాన మార్గాలపై 18.5 టన్నుల ఇరుసు భారం గల డబ్ల్యూజీ ఇంజిన్లు నడిచేవి. తేలికపాటి మార్గాల కోసం అంతకంటే తక్కువ ఇరుసు భారంతో డబ్ల్యూఎల్ తరగతిని రూపొందించారు. మీటరుగేజి వైజీ ఇంజిన్ల ఇరుసు భారం 10.5 టన్నులే.

రెండో కొలత: మీటరుకు ఎన్ని టన్నులు?

దిమ్మెల మధ్య దూరం పెరిగేకొద్దీ ఒక్క ఇరుసు ప్రాధాన్యం తగ్గి, వంతెనపై ఒకేసారి నిలిచే మొత్తం భారం ప్రధానమవుతుంది. 17.12 మీటర్ల పొడవున్న డబ్ల్యూడీఎం-2 మీటరుకు సుమారు 6.6 టన్నుల భారం మోపుతుంది. అంతకంటే బరువైన డబ్ల్యూఏజీ-9 పొడవు 20.56 మీటర్లు. అందువల్ల అది మోపేది మీటరుకు ఆరు టన్నులే. పొడవైన వంతెనకు బరువైన ఇంజినే తేలిక కావడం ఇలా సాధ్యమవుతుంది.

గూడ్సు వ్యాగన్ల విషయం మరింత ఆసక్తికరం. బొగ్గు రవాణాకు వాడే బాక్స్-ఎన్ వ్యాగన్ నిండినప్పుడు 81.28 టన్నులు తూగుతుంది. దాని పొడవు సుమారు 10.7 మీటర్లు. అంటే మీటరుకు 7.6 టన్నులు. ఇది ఇంజిను మోపే భారం కంటే ఎక్కువ. పొడవైన వంతెనపై గూడ్సు బండిలో అసలు పరీక్ష పెట్టేవి వ్యాగన్లే. ప్రయాణికుల పెట్టెలు ఇందులో మూడో వంతు భారం కూడా మోపవు. కాబట్టి తేలికపాటి శాఖా మార్గాల్లో మాత్రం ఇంజినే హద్దును నిర్ణయిస్తుంది.

వేగం, దానితో వచ్చే అదురు

కదిలే బండి నిలిచి ఉన్న బండి కంటే ఎక్కువ భారం కలిగిస్తుంది. భారతీయ రైల్వే వంతెనల నియమావళి బ్రాడ్‌గేజి ఉక్కు వంతెనలకు ఈ అదనపు భారాన్ని ఒక సూత్రంతో లెక్కిస్తుంది. దూలం పొడవుకు ఆరు కలిపి, దానితో ఎనిమిదిని భాగించి, వచ్చినదానికి 0.15 చేర్చాలి. ఐదు మీటర్ల వంతెనకు ఇది సుమారు 88 శాతం. 20 మీటర్లకు 46 శాతం. 50 మీటర్లకు 29 శాతం. చిన్న వంతెనలే అదురుకు ఎక్కువగా లోనవుతాయని దీనివల్ల అర్థమవుతుంది. ఆవిరి ఇంజిన్లలో చక్రాలకు అమర్చిన ప్రతిబరువులు తిరుగుతూ పట్టాలపై సుత్తి దెబ్బల వంటి ఒత్తిడి కలిగించేవి. బలహీన వంతెనలపై ఇంజినును పూర్తిగా నిషేధించకుండా, నెమ్మదిగా వెళ్లమని ఆదేశించడానికి కారణం ఇదే.

వంతెన సొంత బరువునూ విస్మరించరాదు. ఇంగ్లండులోని చెస్టర్ వద్ద డీ నదిపై రాబర్ట్ స్టీఫెన్‌సన్ రూపొందించిన పోత ఇనుప వంతెన 1847 మే 24న విరిగింది. అగ్నిప్రమాదం నుంచి కొయ్య నేలను కాపాడేందుకు దానిపై అప్పుడే కంకర పరిచారు. తరువాత వచ్చిన బండి ఇంజిను అవతలి గట్టు చేరినా, పెట్టెలు నదిలో పడి ఐదుగురు మరణించారు.

ప్రమాణం కాలంతో మారుతుంది

వంతెన తాను పుట్టిన కాలపు ఇంజిన్ల కోసమే రూపొందుతుంది. అమెరికాలో ఇంజినీరు థియొడోర్ కూపర్ 1894లో ఒక ప్రామాణిక భారాన్ని ప్రతిపాదించారు. అందులో ఇ-40 అంటే చోదక ఇరుసుకు 40,000 పౌండ్లు, అంటే సుమారు 18 టన్నులు. తరువాతి ఇ-80 ప్రమాణం దానికి రెట్టింపు. యూనియన్ పసిఫిక్ సంస్థ వారి బిగ్‌బాయ్ ఆవిరి ఇంజిను ఒక్కో చోదక ఇరుసుపై సుమారు 30.6 టన్నులు మోపేది. ఇ-40 వంతెనపై దానిని నమూనాలో నడిపితే చూపరులకు ముచ్చటగా ఉండవచ్చు గానీ అది వాస్తవం కాదు.

భారత్‌లో 2008 నాటి ప్రమాణం 25 టన్నుల ఇరుసు భారానికి ఉద్దేశించినది. ప్రత్యేక సరకు రవాణా కారిడార్ల వంతెనలను 32.5 టన్నులకు రూపొందించారు. రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై 1900లో ప్రారంభమైన హేవ్‌లాక్ వంతెన దాదాపు శతాబ్దం పాటు సేవలందించి 1997లో విశ్రాంతి తీసుకొంది. అదే ఏడాది వాడుకలోకి వచ్చిన కాంక్రీటు ఆర్చి వంతెనకు 97.55 మీటర్ల చొప్పున 28 ఖానాలున్నాయి. ఒకే నదిపై ఈ రెండు వంతెనలు రెండు యుగాల భారాలను చూపుతాయి.

నమూనాకు నియమావళి

ముందుగా వంతెన ఏ దశాబ్దానిదో, ప్రధాన మార్గానిదో శాఖా మార్గానిదో నిర్ణయించుకోవాలి. ఆ కాలపు ఇంజిన్లను బట్టి ఇరుసు భారం పరిమితిని రాసుకోవాలి. తరువాత దిమ్మెల మధ్య దూరాన్ని 87తో గుణించాలి. 30 సెంటీమీటర్ల దూలం 26 మీటర్ల అసలు వంతెనకు సమానం. దానిపై ఒకేసారి నిలిచే ఇంజిన్ల, వ్యాగన్ల బరువును మీటర్ల లెక్కన చూడాలి. పరిమితికి లోబడే ఇంజిన్లకు పూర్తి వేగం, అంచున ఉన్నవాటికి నెమ్మది వేగం, దాటేవాటికి నిషేధం అని మూడు తరగతులు చేయవచ్చు. శాఖా మార్గంలో రెండు ఇంజిన్లు కలిపి నడపవలసి వస్తే వాటి మధ్య తేలికైన పెట్టెలు ఉంచాలి. అప్పుడు రెండు భారాలూ ఒకే దూలంపై పడవు.

ఇలా చేస్తే కొన్ని ఇష్టమైన ఇంజిన్లు ఆ మార్గంలో నడవలేకపోవచ్చు. పెద్ద ఇంజిను జంక్షనులో ఆగి, చిన్న ఇంజిను బండిని అందుకొని వంతెన దాటించడం నిజమైన రైల్వేలోనూ జరిగేదే. ఆ ఇంజిను మార్పిడితో నమూనా మార్గానికి ఒక పనివిధానం, వంతెనకు ఒక ప్రాధాన్యం ఏర్పడతాయి.