వాద్యం అందరిదీ, వెలి వాద్యకారుడిదా?

అమెరికా పాతకాలపు పల్లె సంగీతం అనగానే బాంజో మీటే తెల్లరైతు కళ్ల ముందు మెదులుతాడు. కానీ సొరబుర్రకు తోలు బిగించి తీగలు కట్టే ఆ విద్యను సముద్రం దాటించింది పశ్చిమాఫ్రికా నుంచి బానిసలుగా తరలిపోయిన నల్లజాతి ప్రజలు. 1920లలో రికార్డు కంపెనీలు నల్లవారి పాటలను ‘రేస్ రికార్డులు’గా, తెల్లవారి పల్లెపాటలను ‘హిల్‌బిల్లీ’గా విడదీసి అమ్మాయి. ఇచ్చిపుచ్చుకోవడంలో పెరిగిన సంగీతాన్ని వ్యాపారం రెండుగా చీల్చింది. క్రమంగా బాంజో మీద నల్లవారి పేరే చెరిగిపోయింది.

2005లో ఉత్తర కరోలినాలో రియానన్ గిడెన్స్, డామ్ ఫ్లెమన్స్, జస్టిన్ రాబిన్సన్ అనే ముగ్గురు నల్లజాతి యువ కళాకారులు ‘కరోలినా చాక్లెట్ డ్రాప్స్’ బృందాన్ని కట్టారు. ఎనభై ఏళ్లు దాటిన నల్లజాతి ఫిడేలు కళాకారుడు జో థాంప్సన్ ఇంటికి వెళ్లి, ఆయన పక్కన కూర్చుని వాయిస్తూ నేర్చుకున్నారు. ఆయనే తమ గురువని వేదికలపై చెప్పారు. 2011లో వారి ఆల్బమ్‌కు గ్రామీ దక్కింది. అంతకు మించి, పోయిన వారసత్వం తిరిగి పేరుతో సహా నిలబడింది.

మనకూ సొరబుర్రల వాద్యం ఉంది. అది కిన్నెర. మాదిగల ఆశ్రితులైన డక్కలివారు దానిని తరతరాలుగా కాపాడారు. దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చేదాకా ఎందరు విద్యావంతులకు దాని పేరు తెలుసు? డప్పు కథ మరింత చేదు. చావుకూ జాతరకూ వెట్టిగా డప్పు కొట్టిన కులాల బిడ్డలెందరో గోదావరిఖని గనుల్లో కార్మికులయ్యారు. 1972లో పుట్టిన జననాట్యమండలి వంటి సంస్థలు అదే డప్పును ధిక్కార స్వరంగా మార్చాయి. నేడు ప్రతి ఊరేగింపులోనూ డప్పు మోగుతోంది. కొట్టే చేతిని మాత్రం ఇంకా వాకిలి దగ్గరే ఆపే ఇళ్లున్నాయి.

రేపు రామగుండం విద్యార్థులు కొందరు గిటారు పక్కన డప్పు, కిన్నెర పెట్టి బృందం కట్టవచ్చు. కట్టాలి కూడా. అయితే ముందు వాడలోని పెద్దల దగ్గరికి వెళ్లి నేర్చుకోవాలి. వారిని గురువులుగా వేదికపై కూర్చోబెట్టాలి. వచ్చిన పారితోషికంలో వాటా ఇవ్వాలి. వాద్యాన్ని తీసుకుని మనిషిని వాడలోనే వదిలేస్తే, అది సంగీతం పేరిట సాగే కొత్త వెట్టి.