జూన్ 6న శుక్రుడు: పుదుచ్చేరిలో మొదలైన తేదీల లెక్క

పత్రికల్లో ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షిక చదివే అలవాటున్నవారికి జూన్ 6 నిండుగా కనిపిస్తుంది. 1850లో ఆ రోజున కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ పుట్టాడు. మొన్నమొన్నటి వరకు మన ఇళ్లలో ఉన్న లావుపాటి టీవీల్లోని కాథోడ్ కిరణ గొట్టం ఆయన చలవే. 1909లో మార్కోనీతో కలిసి భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నాడు. విడివిడి పరమాణువులను సైతం చూపించే స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపు సృష్టికర్తల్లో ఒకరైన హైన్రిష్ రోరర్ పుట్టింది 1933 జూన్ 6న. మన సినీ నిర్మాత డి. రామానాయుడు పుట్టింది 1936లో అదే తేదీన. కన్నడ రచయిత మాస్తి వెంకటేశ అయ్యంగార్‌ది మరీ విచిత్రం. 1891 జూన్ 6న పుట్టి, 1986 జూన్ 6నే కన్నుమూశారు.

ఇవన్నీ కాకతాళీయాలే. ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది. దాన్ని 365తో భాగిస్తే ఒక్కో తేదీ వాటాకు రెండు కోట్లకు పైగా పుట్టినరోజులు వస్తాయి. 23 మంది కూర్చున్న గదిలో కనీసం ఇద్దరికి ఒకే పుట్టినరోజు ఉండే అవకాశం సగానికి మించుతుంది. కాబట్టి ఏ తేదీని కదిపినా ఇద్దరు నోబెల్ గ్రహీతలు, ఒక సినిమా మనిషి రాలిపడటంలో వింతేమీ లేదు.

అయితే జూన్ 6 జాబితాలో కాకతాళీయం అని తేలిగ్గా కొట్టిపారేయలేని జంట ఒకటి ఉంది. 1761 జూన్ 6న, మళ్లీ 2012 జూన్ 6న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా చిన్న నల్ల చుక్కలా దాటిపోయింది. దీన్ని ట్రాన్సిట్ అంటారు. 1761 నుంచి ఇప్పటివరకు శుక్రుడి ట్రాన్సిట్లు జరిగింది ఆరంటే ఆరు సార్లు. అందులో రెండు ఒకే తేదీన పడ్డాయంటే కారణం వెతకాల్సిందే. ఆ వెతుకులాటలో మనకు పుదుచ్చేరి తగులుతుంది.

ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రజ్ఞుడు గియోమ్ లె జాంటీ 1760 మార్చిలో ఓడెక్కి బయల్దేరింది పుదుచ్చేరికే. భూమి నుంచి సూర్యుడు ఎంత దూరంలో ఉన్నాడన్నది అప్పటికి ఖగోళశాస్త్రంలో తేలని పెద్ద ప్రశ్న. శుక్రుడు సూర్యబింబాన్ని దాటే సమయాలను భూమ్మీద వేర్వేరు చోట్ల నుంచి కొలిస్తే, వాటి మధ్య తేడా ఆధారంగా ఆ దూరాన్ని లెక్కకట్టవచ్చని ఎడ్మండ్ హేలీ 1716లో సూచించాడు. ఒక వేలిని ముఖం ముందు పెట్టుకుని ఒక కన్ను మార్చి ఒక కన్ను మూస్తే వేలు పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది కదా, సూత్రం అదే. ఇక్కడ రెండు కళ్లు భూమ్మీది రెండు ఊళ్లు.

లె జాంటీ మారిషస్ దాకా వచ్చాడు. ఆ సమయంలో ఇంగ్లండ్, ఫ్రాన్స్ యుద్ధంలో ఉన్నాయి. 1761 జనవరిలో పుదుచ్చేరి ఇంగ్లిష్ వాళ్ల చేతికి చిక్కింది. ఆ వార్త అందక లె జాంటీ ఓడ మార్చిలో మారిషస్ నుంచి ఇటే బయల్దేరింది. మలబారు తీరం దగ్గరికి వచ్చాక, మే నెలాఖరులో సంగతి తెలిసి కెప్టెన్ ఓడను వెనక్కి తిప్పాడు. జూన్ 6న ఆకాశం నిర్మలంగా ఉంది, శుక్రుడు సూర్యుడి మీద కనిపించాడు. లె జాంటీ మాత్రం నడిసముద్రంలో ఉన్నాడు. ఊగే ఓడ మీద లోలకం గడియారం పనిచేయదు. తాను ఉన్న చోటు రేఖాంశం కచ్చితంగా తెలియదు. చూసినా లెక్కకు రాని చూపు అది.

ఇంకో ట్రాన్సిట్ ఎనిమిదేళ్లలో ఉంది. ఇంటికెళ్లి తిరిగి రావడం కంటే ఇక్కడే ఉండిపోవడం మేలనుకున్నాడు. హిందూ మహాసముద్ర దీవుల్లో తిరిగాడు, మడగాస్కర్ తీరానికి పటాలు గీశాడు. రెండో ట్రాన్సిట్ కోసం మనీలా ఎంచుకుని అక్కడిదాకా వెళ్లాడు. స్పానిష్ అధికారులు అనుమానంగా చూశారు. పారిస్‌లోని సైన్స్ అకాడమీ కూడా పుదుచ్చేరే మంచిదని చెప్పింది. 1763 సంధితో ఈ ఊరు తిరిగి ఫ్రాన్స్ చేతికి వచ్చింది. 1768 మార్చిలో లె జాంటీ ఎట్టకేలకు ఇక్కడ అడుగుపెట్టాడు.

ఇంగ్లిష్ సైన్యం కూల్చేసిన కోట శిథిలాల మీదే గవర్నర్ జాన్ లా ద లారిస్టన్ ఆయనకు వేధశాల కట్టించి ఇచ్చాడు. నేటి భారతీ పార్కు, రాజ్ నివాస్ ఉన్న ప్రాంతంలోనే ఆ కోట ఉండేది. మద్రాసు నుంచి ఇంగ్లిష్ వాళ్లు మంచి టెలిస్కోపును అరువిచ్చారు. నిన్నటి శత్రువులే! 1769 మే అంతా తెల్లవారుజామున ఆకాశం తేటగా ఉంది. జూన్ 3 రాత్రి గవర్నర్‌తో కలిసి గురుగ్రహం ఉపగ్రహాలను కూడా చూశాడు. జూన్ 4 తెల్లవారుజామున మబ్బులు కమ్మాయి. గాలి లేచింది. సూర్యోదయం అయింది, సూర్యుడు కనబడలేదు. ఉదయం ఏడుకు కాస్త ముందే ట్రాన్సిట్ ముగిసింది. ఆ తర్వాత మబ్బు విడిపోయి రోజంతా ఎండ కాసింది. వదులుకుని వచ్చిన మనీలాలో ఆ ఉదయం ఆకాశం నిర్మలంగా ఉందని తర్వాత తెలిసింది. చేతికి అందింది నోటికి అందలేదంటే ఇదే. 1771లో ఆయన ఫ్రాన్స్ చేరేసరికి చనిపోయాడనుకుని వారసులు ఆస్తి పంపకానికి దిగారు. అకాడమీలో ఆయన స్థానం మరొకరికి వెళ్లిపోయింది.

ఆయనకు దక్కకపోయినా 1769 పరిశీలనలు వృథా కాలేదు. మిగతా చోట్ల నుంచి వచ్చిన కొలతలతో ఫ్రెంచ్ ఖగోళజ్ఞుడు లలాండ్ సూర్యుడి దూరాన్ని సుమారు 15.3 కోట్ల కిలోమీటర్లుగా లెక్కగట్టాడు. నేటి విలువ 14.96 కోట్లు. అదే ట్రాన్సిట్‌ను కెప్టెన్ కుక్ బృందం తాహితి దీవిలో చూసింది. అక్కడ తేదీ జూన్ 3. పుదుచ్చేరిలో జూన్ 4. ఒకే ఘటన, రెండు తేదీలు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ట్రాన్సిట్లు జూన్ మొదట్లోనో, డిసెంబరు మొదట్లోనో తప్ప ఎందుకు రావు? శుక్రుడి కక్ష్య భూమి కక్ష్యాతలానికి 3.4 డిగ్రీలు వాలి ఉంది. చంద్రుడికి రాహుకేతువులున్నట్టే శుక్రుడి కక్ష్య మీదా రెండు ఖండన బిందువులున్నాయి. భూమి ఆ రేఖ మీదికి వచ్చేది ఏడాదికి రెండుసార్లే, జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి. శుక్రుడు సరిగ్గా ఆ రోజుల్లోనే మనకూ సూర్యుడికీ మధ్యకు రావాలి. శుక్రుడు అలా మధ్యకు వచ్చేది 584 రోజులకోసారి. ఐదుసార్లు వచ్చేసరికి ఎనిమిదేళ్లకు రెండున్నర రోజులు తక్కువ అవుతాయి. అందుకే 1761 జూన్ 6 తర్వాత 1769 జూన్ 3-4, 2004 జూన్ 8 తర్వాత 2012 జూన్ 6. విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు తన వేధశాల నుంచి పరిశీలించిన 1874 డిసెంబరు 9 ట్రాన్సిట్‌కు జంట 1882 డిసెంబరు 6. మూడోసారికి రేఖ దాటిపోతుంది, వందేళ్లకు పైగా ఎదురుచూడాలి.

ఈ మొత్తం వరస 243 ఏళ్లకోసారి మళ్లీ మొదలవుతుంది. ఇక్కడే క్యాలెండర్ మనల్ని పక్కదారి పట్టిస్తుంది. 1761కి 243 కలిపితే 2004. అంటే లె జాంటీ ఓడ మీద చూసిన ట్రాన్సిట్‌కు తోడు 2012 జూన్ 6 కాదు, 2004 జూన్ 8. మరి 2012 దేనికి తోడు? 1769కి. మబ్బుల్లో పోయిన పుదుచ్చేరి ఉదయానికి. అప్పటిలాగే 2012లోనూ శుక్రుడు ముందే సూర్యబింబం మీదికి చేరుకుని, ఆ చుక్కతోనే భారతదేశమంతటా తెల్లవారింది. ఉదయం 10.20 దాకా ఉండి వెళ్లింది. జూన్ 6 రెండుసార్లు రావడానికి కారణం, అసలు జంటలు రెండూ రెండేసి రోజులు పక్కకు జరగడమే.

ఆ రెండు రోజుల జరుగుడు తెలుగువారికి కొత్తదేమీ కాదు. వివేకానందుడు 1863 జనవరి 12న, మకర సంక్రాంతి నాడు పుట్టాడు. ఇప్పుడు సంక్రాంతి 14న, 15న వస్తోంది. పంచాంగం ఏడాదిని నక్షత్రాలతో కొలుస్తుంది, ఇంగ్లిష్ క్యాలెండర్ రుతువులతో కొలుస్తుంది. మొదటిది సుమారు 20 నిమిషాలు పెద్దది. 243 ఏళ్లకు ఇది మూడు రోజులు దాటుతుంది. శుక్రుడి లెక్కలో వచ్చే రోజు చిల్లర తేడా పోగా దాదాపు రెండు మిగులుతాయి. పండుగను జరిపేదే ట్రాన్సిట్‌నూ జరుపుతోంది.

పుట్టినరోజులకూ ఈ బెడద ఉంది. రష్యన్ కవి పుష్కిన్ జూన్ 6 జాబితాలో ఉంటాడు, కానీ ఆయన పుట్టినప్పుడు రష్యాలో వాడుకలో ఉన్న క్యాలెండర్ ప్రకారం అది మే 26. అదే జాబితాలోని ఖగోళజ్ఞుడు రెగియోమోంటానస్ 1436 జూన్ 6 పాత క్యాలెండర్‌ది. నేటి లెక్కకు మారిస్తే జూన్ 15 అవుతుంది. ఒకరిని మార్చి ఇంకొకరిని మార్చకుండా ఒకే గాట కట్టేస్తున్నాం!

పుదుచ్చేరిలో ఉన్నప్పుడు లె జాంటీ తమిళ జ్యోతిష్కుల దగ్గర గ్రహణ గణితం నేర్చుకున్నాడు. 1765 ఆగస్టు 30 చంద్రగ్రహణం ఎంతసేపు ఉంటుందో ఒక తమిళ గణకుడు కట్టిన లెక్క 41 సెకన్లే తక్కువైందని, యూరప్‌లో పేరున్న మేయర్ పట్టికలు 68 సెకన్లు ఎక్కువ చూపాయని ఆయన రాశాడు. తర్వాత అరవై ఏళ్లకు జాన్ వారెన్ ఇదే ఊళ్లో మరో గణకుడిని చూశాడు. కంఠస్థం చేసిన వాక్యాలే ఆయనకు పట్టికలు, నేల మీద పేర్చిన గవ్వలే అంకెలు. 1825 మే 31 రాత్రి గ్రహణానికి ఆయన లెక్క మొదలు దగ్గర 4 నిమిషాలు, మధ్యలో 23, ముగింపులో 52 నిమిషాలు తప్పింది. గవ్వలతో అంత దగ్గరికి రావడమే నాకు ఆశ్చర్యం. దక్షిణ భారత కాలగణనల మీద వారెన్ రాసిన ‘కాల సంకలిత’ మద్రాసులో అదే ఏడాది అచ్చయింది. ఏ తేదీ ఏ తేదీకి సరిపోతుందో తేల్చడమే ఆ పుస్తకం పని.

జూన్ ట్రాన్సిట్లు ఇక 2247 జూన్ 11న, 2255 జూన్ 9న. జూన్ 6 ఇప్పట్లో మళ్లీ రాదు. వాటికంటే ముందు డిసెంబరు జంట ఉంది. మొదటిది 2117 డిసెంబరు 11న. ఆ రోజు కూడా పుదుచ్చేరిలో సూర్యుడు శుక్రుడి చుక్కతోనే ఉదయిస్తాడు. డిసెంబరు అంటే ఆ తీరానికి ఈశాన్య రుతుపవనాల కాలం.