చేతి కొలతకు చెక్కిన రివాల్వర్

1885 జులై 24. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం డాడ్జ్ సిటీ నుంచి కోల్ట్ తుపాకుల కంపెనీకి ఒక ఉత్తరం బయల్దేరింది. రాసింది బ్యాట్ మాస్టర్‌సన్, ఒకప్పుడు ఆ ప్రాంతానికి షెరీఫ్‌గా పనిచేసినవాడు. తనకు కావలసిన రివాల్వర్ ఎలా ఉండాలో, ఒక సెలూన్ పేరు అచ్చువేసిన కాగితం మీద వివరంగా చెప్పాడు. నికెల్ పూత వేయాలి. ట్రిగ్గర్ చాలా తేలిగ్గా కదలాలి. ముందు గురి మామూలు కంటే కాస్త ఎత్తుగా, మందంగా ఉండాలి. గొట్టం పొడవు, ఖాళీ తూటాలను బయటికి నెట్టే కడ్డీ అంత ఉంటే చాలు. ఆ ఉత్తరం ఇప్పటికీ భద్రంగా ఉంది. చదువుతుంటే దర్జీకి కొలతలు చెబుతున్న మనిషే కళ్లముందు నిలుస్తాడు.

ఇలా పాతకాలపు రివాల్వర్‌ను తన చేతికి తగ్గట్టు మార్పించుకునే అభిరుచి అమెరికాలో నేటికీ బలంగా ఉంది. తుపాకుల మీద ఆ దేశంలో జరిగే వాదోపవాదాలు మనకు తెలియనివి కావు. అయితే ఈ అభిరుచిలో ఉన్న పనితనానికి తనదైన చరిత్ర ఉంది. ఫ్యాక్టరీలకు కూడా దారి చూపించిన చరిత్ర అది.

సింగిల్ యాక్షన్ రివాల్వర్ పేలాలంటే ప్రతిసారీ బొటనవేలితో హ్యామర్‌ను వెనక్కి లాగాలి. అలా నిలిపిన హ్యామర్‌ను వదలడం ఒక్కటే ట్రిగ్గర్ పని. 1873లో అమెరికా సైన్యం తీసుకున్న కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ ఈ జాతిలో తర్వాత వచ్చినవాటికి మూలరూపం. 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ కోసం కృష్ణ గుర్రమెక్కాక, ఈ పాశ్చాత్య సరంజామా అంతా మన ప్రేక్షకులకూ దగ్గరైంది. ఆ రివాల్వర్ లోపల దాగిన యంత్రం చాలా చిన్నది. సిలిండర్‌ను ఒక్కో గది చొప్పున తిప్పే ముక్క ఒకటి, గది సరిగ్గా గొట్టానికి ఎదురుగా రాగానే బిగించి ఆపే బోల్టు ఒకటి, హ్యామర్, ట్రిగ్గర్, రెండు మూడు బద్ద స్ప్రింగులు. పాత కోల్ట్ హ్యామర్‌ను నెమ్మదిగా లాగితే నాలుగు టిక్కులు వినిపిస్తాయి. ఆ నాలుగూ స్పష్టంగా, వరసగా పడుతున్నాయో లేదో విని తుపాకీ ఆరోగ్యం చెప్పేవాళ్లున్నారు. ఇంత తక్కువ భాగాలు ఉండటం వల్లే, ఓపిక ఉన్న ఒక్క మనిషి దీన్ని పూర్తిగా అర్థం చేసుకోగలడు. అభిరుచికి తలుపు తెరిచింది ఈ సరళత్వమే.

ఆ తలుపులోంచి చాలా దూరం వెళ్లినవాడు ఎల్మర్ కీత్. పశువుల మందలు తోలుతూ, వేటగాళ్లకు దారి చూపుతూ బతికిన పశ్చిమ రాష్ట్రాల మనిషి. 1925లో కాలుస్తుండగా ఆయన .45 కోల్ట్ చేతిలోనే బద్దలైంది. మరొకరైతే తుపాకీని పక్కన పెట్టేసేవారు. కీత్ మాత్రం కారణం వెతికాడు. .45 తూటా లావు. అంత లావు గదులు ఆరు తొలిస్తే, వాటి చుట్టూ మిగిలే ఉక్కు గోడ పలచబడుతుంది. కాస్త సన్నటి .44 స్పెషల్‌కు మారితే అదే సిలిండర్‌లో గోడ మందం పెరుగుతుంది. అప్పటినుంచి ఆయన మనసు .44 మీదే నిలిచింది.

1928లో పెన్సిల్వేనియాకు చెందిన హెరాల్డ్ క్రాఫ్ట్ అనే ఔత్సాహికుడు, తాను మార్పించుకున్న రివాల్వర్లు పెట్టెలో సర్దుకుని, ఆరెగాన్ రాష్ట్రంలోని కీత్ పశువుల క్షేత్రానికి వెళ్లాడు. ఖండం అటు చివర నుంచి ఇటు చివరకు చేసిన ప్రయాణమది. ఇద్దరూ ఒక్కో తుపాకీనీ పరీక్షించి, బాగున్నదేదో, కానిదేదో తేల్చారు. క్రాఫ్ట్ తన వాటికి ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు వేశాడు. ఆ చర్చల్లోంచి పుట్టిన కీత్ రివాల్వర్‌కు అయిదో నంబరు దక్కింది. పిడి వెనకభాగం కోల్ట్ వారి బిస్లీ మోడల్‌ది, ట్రిగ్గర్ కింది భాగం మామూలు కోల్ట్‌ది. రెండూ కలిపి అతికితే, పేలినప్పుడు చేతిలోంచి జారని కొత్త వంపు వచ్చింది. చట్రం పైభాగం చదునుగా మారింది. వెనక గురిని సరిచేసుకునే వీలు కలిగింది. హ్యామర్ మీద బొటనవేలు ఆనే చోటు వెడల్పైంది. ఈ పని ఒక్కరి చేతిమీదుగా జరగలేదు, పలువురు పనిమంతులు తలా ఒక భాగం చేశారు. 1929 ఏప్రిల్‌లో ‘అమెరికన్ రైఫిల్‌మన్’ పత్రికలో కీత్ దాని గురించి రాశాక, ఆ వ్యాసం ఈ అభిరుచి గలవారికి పాఠ్యపుస్తకమైంది.

ఫ్యాక్టరీలు ఆలస్యంగా మేలుకున్నాయి. యుద్ధం ఒత్తిడిలో 1941లో కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ తయారీ ఆపేసింది. 1950లలో టీవీలో కౌబాయ్ కథలు జోరందుకుని గిరాకీ పెరిగింది. విలియమ్ రూగర్ కంపెనీ 1953లో సింగిల్ సిక్స్‌నూ, 1955లో బ్లాక్‌హాక్‌నూ తెచ్చింది. బ్లాక్‌హాక్‌కు చదును పైభాగం, సరిచేసుకునే వెనక గురి ఉన్నాయి. ఔత్సాహికులు సొంత డబ్బు పోసి చేయించుకుంటున్నవే ఇవి. కోల్ట్ 1956లో మళ్లీ రంగంలోకి దిగింది. కీత్ ఏళ్ల తరబడి పోరిన శక్తిమంతమైన .44 తూటా, మాగ్నమ్ పేరుతో స్మిత్ అండ్ వెసన్, రెమింగ్టన్ కంపెనీల ద్వారా దాదాపు ఆ రోజుల్లోనే బయటికొచ్చింది. గదుల గోడ మందం గురించి కీత్ నేర్చిన పాఠాన్ని తర్వాతివాళ్లు ఇంకా ముందుకు తీసుకెళ్లారు. వయోమింగ్‌కు చెందిన జాన్ లైన్‌బా రూగర్ చట్రంలో ఆరు గదుల బదులు అయిదు గదుల సిలిండర్ బిగించి, మరింత బరువైన తూటాలకు చోటు కల్పించాడు.

భద్రత విషయం ఇక్కడే చెప్పాలి. పాత నమూనాలో దించిన హ్యామర్ మొన సరాసరి తూటా వెనక ఆనుతుంది. కింద పడినా, గట్టి దెబ్బ తగిలినా పేలే ప్రమాదముంది. అందుకే ఆరు గదులున్నా అయిదే నింపి, హ్యామర్ కింద గదిని ఖాళీగా ఉంచడం ఆచారమైంది. 1973లో రూగర్ ఒక అడ్డుపట్టీ పెట్టింది. ట్రిగ్గర్ నొక్కితేనే అది పైకి లేచి, హ్యామర్ దెబ్బను తూటాకు చేరవేస్తుంది. పాత రూగర్లకూ ఆ సౌకర్యాన్ని ఉచితంగా అమర్చిపెడతామంది. మార్పిస్తే పాత ‘టిక్కు’ పోతుందని కొందరు ఒప్పుకోరు. నా మనసు మాత్రం అడ్డుపట్టీ వైపే. చెవికి ఇంపైన శబ్దం కోసం ప్రాణాన్ని పణంగా పెట్టకూడదు. మాస్టర్‌సన్ కోరినంత తేలిక ట్రిగ్గర్ కూడా అనుభవజ్ఞుడైన పనివాడు చేయాల్సిందే. ఇంట్లో ఆకురాయి పట్టుకుని ప్రయోగాలు చేసే చోటు కాదది.

కొందరు పోటీల కోసం మార్పులు చేయిస్తారు. 1987లో ఏర్పడిన సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ పోటీల్లో సభ్యులు మారుపేర్లతో, పాతకాలపు దుస్తుల్లో ఉక్కు పలకలను గురిచూసి కొడతారు. అక్కడ వేగం ముఖ్యం కనుక స్ప్రింగులు తేలికవుతాయి, లోపలి భాగాలు నునుపుదేలుతాయి. పైకి కనిపించే మార్పులకు నిబంధనలు హద్దు పెడతాయి.

అందం మీద మనసున్నవాళ్ల దారి వేరు. చట్రాన్ని ఎముకల బొగ్గు, కట్టెబొగ్గు మధ్య పెట్టి బాగా కాల్చి, ఒక్కసారిగా నీటిలో ముంచుతారు. పైపొర గట్టిపడి, నీలం, గోధుమ, గడ్డిరంగు మరకలు సుడులు తిరుగుతాయి. ఏ రెండు చట్రాలకూ ఒకే రంగుల అమరిక రాదు. ఎంత అనుభవజ్ఞుడికైనా నీటిలోంచి తీసేదాకా ఫలితం తెలియదు. నాకు ఈ విద్య మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. అలంకారానికి మరో ఉదాహరణ అమెరికా జనరల్ ప్యాటన్ 1916లో కొన్న కోల్ట్. దానికి నగిషీ, వెండిపూత, దంతపు పిడి ఉన్నాయి. దంతం రోజులు పోయాయి. 2016 నుంచి ఆఫ్రికా ఏనుగు దంతం వ్యాపారాన్ని అమెరికా దాదాపుగా నిషేధించింది.

పిడి విషయంలో మన అడవులకూ సంబంధముంది. కణితి అనే పెద్ద జింక రాల్చే కొమ్ము లోపల గుల్ల తక్కువ, గట్టిదనం ఎక్కువ. అందుకే రివాల్వర్ పిడులకూ, కత్తుల పిడులకూ భారతదేశపు కణితి కొమ్మును ఏరికోరి తెప్పించుకునేవారు. తర్వాత మన ప్రభుత్వం ఎగుమతి ఆపేసింది. నల్లమలలో తిరిగే ఆ జంతువు మీద ఒక విదేశీ అభిరుచి భారం తగ్గినందుకు సంతోషమే. పాత నిల్వల్లో మిగిలిన ముక్కలకు అమెరికాలో ఇప్పటికీ మంచి ధర పలుకుతుంది. జేబు అనుమతించనివాళ్లు చెక్కతోనో, రెసిన్‌తోనో సరిపెట్టుకుంటారు.

ఒక్క విషయంలో మాత్రం ఈ అభిరుచి గలవారిలోనే కొందరితో నాకు పేచీ ఉంది. 1941కి ముందు తయారైన అసలు కోల్ట్‌లను మెరుగుపెట్టించి, కొత్త పూత వేయించి, గొట్టం కత్తిరించేవాళ్లు నేటికీ ఉన్నారు. కీత్ కాలంలో అవి సంతలో దొరికే పాత సామాను. ఇప్పుడు అలా కాదు. వాటి అరుగుదలలో, చెరిగిపోతున్న అక్షరాల్లో ఉన్న చరిత్ర ఒకసారి మెరుగుపెడితే మళ్లీ రాదు. మార్పులు చేయాలన్న తహతహ ఉంటే అందుకు మామూలు బ్లాక్‌హాక్ ఉంది, ఇటలీలో ఉబెర్టీ కంపెనీ చేసే నకళ్లున్నాయి. రెండూ కొత్తగా తయారవుతూనే ఉన్నాయి.