డిస్టెన్స్ డిగ్రీ ఉద్యోగానికి పనికొస్తుందా? ఫీజు కట్టే ముందు ఇవి చూసుకోండి

చిలకలూరిపేటలో స్పిన్నింగ్ మిల్లులోనో, బట్టల షాపులోనో పనిచేస్తూ డిగ్రీ చేయాలనుకునేవారికి దూరవిద్యే దారి. కానీ మూడేళ్లు చదివాక ‘ఈ డిగ్రీ చెల్లదు’ అంటే డబ్బూ పోతుంది, కాలమూ పోతుంది. అందుకే రెగ్యులర్, డిస్టెన్స్, ఆన్‌లైన్ డిగ్రీలను ఉద్యోగమిచ్చేవారు ఎలా చూస్తారో ముందే తెలుసుకోవాలి.

ప్రభుత్వ ఉద్యోగాలకు?

యూజీసీ 2020 నిబంధనల ప్రకారం, గుర్తింపు ఉన్న యూనివర్సిటీ అనుమతితో ఇచ్చే డిస్టెన్స్, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీతో సమానం. 2022 సెప్టెంబరులో యూజీసీ ఇదే మాట మళ్లీ చెప్పింది. బ్యాంకు పీఓ లాంటి, ‘ఏదైనా డిగ్రీ’ అడిగే పరీక్షలు నిశ్చింతగా రాసుకోవచ్చు.

ప్రైవేటు కంపెనీల్లో?

ఇక్కడ అర్హతలు నిర్ణయించేది కంపెనీయే. టీసీఎస్ లాంటి ఐటీ సంస్థలు ఫ్రెషర్ల నియామకాల్లో ఫుల్‌టైమ్ కోర్సునే అడుగుతాయి. విప్రో బీసీఏ, బీఎస్సీ వారిని తీసుకుని ఉద్యోగం చేయిస్తూనే ఎంటెక్ చదివిస్తోంది. అంటే బీటెక్ లేకపోయినా ఐటీలోకి దారి ఉంది. అకౌంట్స్ పనికి వెళ్లే బీకాం వారికి డిగ్రీతో పాటు ట్యాలీ, జీఎస్టీ తెలిసి ఉండటం కలిసొస్తుంది.

ఏ కోర్సులు దూరవిద్యలో చేయకూడదు?

ఇంజినీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, న్యాయవిద్యకు దూరవిద్యలో అనుమతి లేదు. ఏఐసీటీఈ అనుమతి లేకుండా కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీలపై 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 2001-05 మధ్య చేరినవారి డిగ్రీలను నిలిపివేసి, మళ్లీ పరీక్ష రాసి నెగ్గాలని చెప్పింది. తర్వాత చేరినవారి డిగ్రీలను రద్దు చేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవారూ నష్టపోయారు.

ఫీజు కట్టే ముందు

1. యూజీసీ దూరవిద్య విభాగం (డీఈబీ) వెబ్‌సైట్‌లో జాబితా చూడండి. యూనివర్సిటీ పేరు ఉంటే సరిపోదు. మీ కోర్సు, మీరు చేరే సంవత్సరం కూడా అందులో ఉండాలి.

2. 2024-25 నుంచి చేరే విద్యార్థులకు డీఈబీ ఐడీ తప్పనిసరి. అది అడగకుండా అడ్మిషన్ ఇస్తామంటే అనుమానించండి.

3. రాష్ట్ర యూనివర్సిటీలు సొంత రాష్ట్రం దాటి స్టడీ సెంటర్లు నడపకూడదు. ఫ్రాంచైజీలకు ఇవ్వకూడదు. కాబట్టి వేరే రాష్ట్రం వర్సిటీ పేరు చెప్పి ఏజెంటు వస్తే ఆగి ఆలోచించండి. ఆన్‌లైన్ కోర్సులకు మాత్రం ఈ హద్దు లేదు.

4. ఫీజు యూనివర్సిటీ ఖాతాకే కట్టి, రసీదు దాచుకోండి.

చివరగా, మీరు కోరుకునే ఉద్యోగం నోటిఫికేషన్ ఒకటి తీసి ‘అర్హతలు’ చదవండి. ‘ఫుల్‌టైమ్’ అన్న మాట ఉంటే ఆ ఉద్యోగానికి రెగ్యులర్ డిగ్రీయే కావాలి.