సూర్యుడికి ఎదురుగా కెమెరా!

నలుపు తెలుపు చిత్రాల్లో మార్కస్ బార్ట్‌లీ వంటి ఛాయాగ్రాహకులు వెనకనుంచి లైటు వేసి నాయిక కురులకి వెలుగు అంచు దిద్దేవారు. అదే కిటుకు హైటెక్ సిటీకి చేరువలో, కంచ గచ్చిబౌలి జింకలకీ, నెమళ్లకీ పనికొస్తుందంటే నమ్ముతారా?

పొద్దున్నే ఏటవాలు ఎండలో సూర్యుణ్ణి జింక వెనక ఉండనివ్వండి. దాని వెనక చీకటి పొద ఉంటే ఎక్స్‌పోజర్ ఒకటి రెండు స్టాపులు తగ్గించండి. చుక్కలు మాయం, కొమ్ముల చుట్టూ బంగారు గీత! వెనక ఆకాశమే ఉంటే నల్లని నీడబొమ్మ. లెన్సుకి హుడ్ మరవకండి. జింకని మాత్రం తరమకండి.

2025 మార్చి నెలాఖరున అక్కడి 400 ఎకరాల్లోకి బుల్‌డోజర్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. తారలకైతే స్టూడియోలో మళ్లీ సెట్టు వేస్తారు. జింకకి ఆ పొదని మళ్లీ వేసే ఆర్ట్ డైరెక్టర్ ఎవరండీ?