మీకు తెలుసా? ఫార్వర్డ్ భవిష్యత్తులో పుట్టిన నెలకూ వాటా ఉంది

నారాయణఖేడ్‌లో అండర్-14 కబడ్డీ జట్టుకైనా, కెనడాలో ఐస్ హాకీ ఫార్వర్డ్ (ముందుండి గోల్స్ కొట్టే ఆటగాడు) ఎంపికకైనా పిల్లల పుట్టిన నెల చూసి తీరాలి. కెనడా జూనియర్ హాకీలో వయసు లెక్కకు గీటు జనవరి 1. అక్కడి మేటి జట్లలో ఏడాది తొలి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువని 1985లో రోజర్ బార్న్స్‌లీ బృందం చూపింది. జనవరి పిల్లవాడు డిసెంబరువాడి కన్నా దాదాపు ఏడాది పెద్ద, సాధారణంగా ఒళ్లూ గట్టిగా ఉంటుంది. అతను కొట్టిన గోల్స్‌లో ఎంత ప్రతిభో, ఎంత వయసో విడదీయకుండా భవిష్యత్తు చెప్పడం అన్యాయం. ఎంపికలో వెనకబడినవాళ్లూ మేటి ఆటగాళ్లు కావచ్చు: ఉత్తర అమెరికా హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్ 1998 ఎంపికలో 171వ పేరుగా వచ్చిన ఫార్వర్డ్ పావెల్ దత్సుక్ తర్వాత ఆ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పు రెండుసార్లు గెలిచాడు. అలాంటివాళ్లు అరుదే, ముందు ఎంపికైనవాళ్లే ఎక్కువగా రాణిస్తారు కదా అంటారా? నిజమే. కానీ మంచి కోచ్, ఎక్కువ ఆట సమయం ముందుగా దక్కేదీ వాళ్లకే.